కంప్యూటర్ నిర్మాణంలో సంధులు

భాగాలను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోగల వ్యక్తిగత కంప్యూటర్‌ను ఎలా రూపొందించాలి? దాని తెర మీద మనకు కనిపించే ఏర్పాటు ఎలా ఉండాలి? ఇదే ఈనాటి పాఠం.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకు వచ్చిందో ముందుగా చూద్దాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. 2021లో విడుదలైన విండోస్ 11 వాడాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆ సంస్థ జాబితాలో ఉన్న ప్రాసెసర్ ఉండాలని నిబంధన. దాంతో తెర, కీబోర్డు, హార్డ్‌డిస్క్ అన్నీ చక్కగా పనిచేస్తున్న యంత్రాలు కూడా ఒకటి రెండు భాగాల కారణంగా పాత సామాను లెక్కలోకి వచ్చాయి. ఇంట్లో ఎంతో కష్టపడి కొన్న కంప్యూటర్‌ను ఇలా పారేయవలసిందేనా? ఇది ఖర్చుకు సంబంధించిన ప్రశ్న, ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు సంబంధించిన ప్రశ్న కూడా.

సమాధానం కోసం మీ ఇంట్లో బల్బు హోల్డరును గమనించండి. ఫిలమెంటు బల్బు పోయి సి.ఎఫ్.ఎల్. వచ్చింది. అది పోయి ఎల్.ఇ.డి. వచ్చింది. వెలుగు పుట్టే పద్ధతి పూర్తిగా మారిపోయింది, హోల్డరు మాత్రం అలాగే ఉంది. కారణమేమిటి? మూతి వ్యాసం 22 మిల్లీమీటర్లు, పక్కన రెండు పిన్నులు, 230 వోల్టుల సరఫరా అనే ఒప్పందాన్ని బల్బులు తయారుచేసేవారంతా పాటించారు. ఆ హద్దుకు లోపల ఏ మార్పు చేసుకున్నా అభ్యంతరం లేదు.

తెలుగులో సంధి అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రెండు వస్తువులు కలిసే చోటు ఒకటి, రెండు పక్షాల మధ్య ఒప్పందం మరొకటి. మార్చుకోదగిన కంప్యూటర్‌కు ఈ రెండు అర్థాలూ వర్తిస్తాయి. భాగం ఎంత గొప్పదైనా, అది కలిసే చోట ఒప్పందం నిలవకపోతే దాన్ని మార్చుకోలేం. ఇలాంటి సంధులు మూడింటిని పరిశీలిద్దాం.

మొదటిది, భాగానికీ భాగానికీ మధ్య సంధి. 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటర్‌ను ప్రకటించింది. అందులో అదనపు కార్డులు అమర్చుకోవడానికి ఐదు స్లాట్లు ఉండేవి. సర్క్యూట్ పటాలతో సహా సాంకేతిక వివరాలను సంస్థ పుస్తకంగా ప్రచురించింది. ఆ వివరాల ఆధారంగా ఇతరులు కార్డులు తయారుచేశారు. కొద్దికాలానికే దానికి సరిపోయే కంప్యూటర్లు కూడా ఇతర సంస్థల నుంచి వచ్చాయి. 1987లో అదే ఐ.బి.ఎం. పి.ఎస్.2 కంప్యూటర్లలో మైక్రో ఛానల్ అనే కొత్త స్లాటును ప్రవేశపెట్టింది. అది సాంకేతికంగా మెరుగైనదే. కానీ పాత కార్డులు అందులో పట్టవు, వాడుకోదలచిన సంస్థలు లైసెన్సు రుసుము చెల్లించాలి. 1988లో తొమ్మిది పోటీ సంస్థలు కలిసి, పాత కార్డులు కూడా పట్టే మరో స్లాటును ప్రకటించాయి. మైక్రో ఛానల్ క్రమంగా కనుమరుగైంది. పాతదాన్ని కాదన్న సంధికి వేగం ఒక్కటే బలం కాలేదు.

మరి ఈ సంధులను ఎక్కడ పెట్టాలి? అన్ని భాగాలూ ఒకే వేగంతో పాతబడవు. క్యాబినెట్, కీబోర్డు, విద్యుత్ సరఫరా యూనిట్ చాలా ఏళ్లు పనికొస్తాయి. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు త్వరగా వెనుకబడతాయి. ఆయుష్షులో తేడా ఉన్న రెండు భాగాలు కలిసే చోటే సంధి పెట్టడం మంచి రూపకల్పన. ఎ.ఎం.డి. సంస్థ 2016లో తెచ్చిన ఎ.ఎం.4 సాకెట్‌కు 2022లో కూడా కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి. ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ 2021లో తెచ్చిన ల్యాప్‌టాప్‌లో, తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన కొత్త బోర్డును అదే పెట్టెలో బిగించుకోవచ్చు. ర్యామ్ విషయంలో ఇది కుదరలేదు. డి.డి.ఆర్.4 స్లాటులో డి.డి.ఆర్.5 ర్యామ్ పట్టదు, దాని గాటు వేరేచోట ఉంటుంది.

సంధికి మూల్యం కూడా ఉందని మరచిపోకండి. సాకెట్ చోటు ఆక్రమిస్తుంది, సంకేతం ప్రయాణించే దారిని పొడిగిస్తుంది. మార్చుకునే భాగాలకు పేరుపొందిన ఆ ఫ్రేమ్‌వర్క్ సంస్థే 2025లో ప్రకటించిన డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో, వేగం కోసం ర్యామ్‌ను బోర్డుకు శాశ్వతంగా అతికించింది. కాబట్టి ఎక్కడ విడదీయాలి, ఎక్కడ కలపాలి అన్నది ఇంజనీరు ప్రతిసారీ తూచి చూసుకోవలసిన విషయం.

రెండోది, ప్రోగ్రాముకూ మన సమాచారానికీ మధ్య సంధి. తెలుగువారికి దీని విలువ అనుభవంలో తెలుసు. ఒకప్పుడు తెలుగు ఫాంట్లు తయారుచేసేవారు ఒక్కొక్కరు ఒక్కో సంకేత పద్ధతిని వాడేవారు. ఒక ఫాంటులో టైపు చేసిన వ్యాసాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించేవి. యంత్రం మారితే రచనే పోయినంత పని. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు స్థానం దొరికింది. ప్రతి అక్షర సంకేతానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య. ఈ పద్ధతి వాడుకలో స్థిరపడ్డాక ఫాంటు మార్చినా, కంప్యూటర్ మార్చినా రాసినది నిలుస్తోంది.

మూడోది, మనిషికీ యంత్రానికీ మధ్య సంధి, అంటే తెర. మనం చూసే డెస్క్‌టాప్ ఏర్పాటును మార్కెట్లోకి మొదట తెచ్చినది 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటర్. కాగితాలు, ఫోల్డర్లు, ఉత్తరాల పెట్టెలు అన్నీ ఆఫీసు బల్ల మీది వస్తువుల బొమ్మలే. ఆఫీసు ఉద్యోగికి అవి పరిచితం. అలాంటి బల్లనే చూడని పిల్లవాడి మాటేమిటి? 2007లో తయారీ మొదలైన ఎక్స్.ఓ. అనే పిల్లల ల్యాప్‌టాప్‌లో షుగర్ అనే ఏర్పాటు ఈ ప్రశ్నను ఎదుర్కొంది. అందులో ఫైళ్లు, ఫోల్డర్ల స్థానంలో దినచర్య పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఏ పని చేశారో అది వరుసగా నమోదు చేస్తుంది. ఇరుగుపొరుగు అనే తెర మీద దగ్గరలోని తోటి పిల్లల కంప్యూటర్లు కనిపిస్తాయి. ఇందులోనూ చిక్కు లేకపోలేదు. నెలలు గడిచి దినచర్య పెరిగితే కావలసినది వెతకడానికి మంచి ఏర్పాటు కావాలి.

అంటే అందరికీ సరిపోయే ఒకే తెర ఉండదు. అందుచేత తెరను కూడా మార్చుకోదగిన భాగంగానే చూడాలి. లినక్స్‌లో ఈ వీలుంది. గ్నోమ్, కె.డి.ఇ., ఎక్స్.ఎఫ్.సి.ఇ. అనే డెస్క్‌టాప్‌లలో ఒకటి తీసి మరొకటి పెట్టుకున్నా మన ఫైళ్లు చెక్కుచెదరవు. వీటిలో ఎక్స్.ఎఫ్.సి.ఇ. తేలికైనది కాబట్టి తక్కువ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. పాఠం మొదట్లో చెప్పుకున్న యంత్రాలలో చాలావాటికి ఇది రెండో జీవితం ఇవ్వగలదు.

చివరగా మీకొక అభ్యాసం. మీ కళాశాలలో పక్కన పెట్టేసిన కంప్యూటర్ ఒకటి తీసుకోండి. కరెంటు తీగ తీసేసి, అధ్యాపకుల అనుమతితో మూత తెరవండి. విద్యుత్ సరఫరా యూనిట్‌ను మాత్రం విప్పకండి. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: ఊడదీయగల భాగాలు, అతికించేసిన భాగాలు, సరిపోయే కొత్త భాగం నేటికీ బజారులో దొరికేవి. మూడో గడి ఖాళీగా మిగిలితే, ఏ సంధి దగ్గర ఒప్పందం తెగిపోయిందో వెతకండి. మీరు రూపొందించబోయే కంప్యూటర్‌కు మొదటి పాఠం అక్కడ దొరుకుతుంది.