బండికి గ్యాసు, ఇంటికి గ్యాసు

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై, తెలుగు జిల్లాలలో బస్సులు బొగ్గువాయువుతో నడిచినవి. నేడు ఆ వరుసలోనిదే ద్రవీకృత పెట్రోలియం వాయువు. ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమమగు నిది ఒత్తిడిచే ద్రవమై తొట్టిలో నిలిచి, ఇంజనులో వాయువై మండును, మసి తక్కువ. 2000లో మోటారు వాహనముల చట్టమును సవరించి దీనిని అనుమతించిరి.

అంతమాత్రమున, శ్రీకాకుళ విజయనగరములలో ఆటో నడుపు సోదరులు, వెల కలిసివచ్చునని వంటింటి సిలిండరును బండికి తగిలింపరాదు. అది చట్టవిరుద్ధము. వాహనపు తొట్టికి, ఐదింట నాల్గువంతులు నిండగనే నింపుట నాపు కవాటము, ఇంజను ఆగగనే వాయువు నాపు కవాటము ఉండును. వంటసిలిండరునకు అవి లేవు. ఈ వాయువు గాలికన్న బరువు. కారినచో బండి అడుగుననే పేరుకొని, చిన్న నిప్పురవ్వకు భగ్గుమనును.

పొదుపు మంచిదే, కాని ఆ బండిలో బడికి పోవువారు మన పిల్లలు.