గాజుతొట్టిలో సముద్రము



చెరువుకట్టల మీద పెరిగిన మీకు నీటిని గూర్చి చెప్పబూనుట సాహసమే యగును. అయినను నేనిప్పుడు చెప్పబోవునది చెరువు గాదు, నాలుగడుగుల గాజుతొట్టి. అందున్నది ఉప్పునీరు, అందు తిరుగునవి సముద్రపు చేపలు. సంగారెడ్డిలో మా యింటి నడిమిగదిలో అది మూడేండ్లుగా నున్నది. పట్టణములలో ఉద్యోగములు చేయు మీ కుమారులకును ఇట్టి కోరిక పుట్టవచ్చును; ఆ తొట్టి రేపు మీ యింటికే రావచ్చును. అంగడివాడు చేపల వన్నెలు చూపునే గాని తొట్టి క్రిందనున్న దానిని చూపడు. నేనును మొదట దానిని చూడలేదు. చూడనందుకు ఏమి పోగొట్టుకొంటినో చెప్పుటకే నేడు వచ్చితిని.

మా కుమారుడు పటాన్‌చెరు వైపు నొక మందుల కార్ఖానాలో పనిచేయుచున్నాడు. రాత్రి పని ముగించుకొని వచ్చినవానికి చేపలను చూచుచు కూర్చుండిన మనస్సు కుదుటపడునట. మనుమరాలికి చేపలనిన ప్రాణము. నేను వలదంటిని. సముద్రమునకు గల పేర్లన్నియు అమరకోశమున చిన్ననాడే వల్లించినవాడను. ఆ నీటిలో ఉప్పెంత యని యెవరైన నడిగిన చెప్పలేనివాడను. ఎరుగని దానిని ఇంట పెట్టుకొనుట యెందుకని నా వాదము. “నాయనా, మీరు ముప్పదేండ్లు పిల్లలకు నేర్పినది వారెరుగని సంగతులే కదా!” అని వాడనెను. దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను.

1909లో చెన్నపట్నమున మెరీనా తీరమునందు ప్రభుత్వమువారు చేపల ప్రదర్శనశాల నొకదానిని తెరచిరి. దానికి సముద్రము గుమ్మము ముందే యుండెను. మాకు బందరు తీరము సుమారు నాలుగువందల కిలోమీటర్ల దూరము. కనుక మేము సముద్రమును తెచ్చుకొనుట గాక చేసికొనవలసి వచ్చెను.

లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణము లుండవలయును. వంట ఉప్పు దీనికి పనికిరాదు. సున్నము, మెగ్నీషియము మొదలైనవి సముద్రమున నున్న పాళ్ళలోనే కలిపిన ఉప్పు సంచులలో దొరకును. మా తొట్టిలోను, దాని క్రింది సంపులోను కలిపి సుమారు 350 లీటర్లు పట్టును. పండ్రెండు కిలోలకు పైగా ఉప్పు పోసితిమి. కలిపిన నీటి సాంద్రత 1.025 ఉండవలయును. దానిని చూపు రిఫ్రాక్టోమీటరు అను చిన్న పరికరము చేతిలో లేనిదే పని మొదలుపెట్టకుడు. నాలుక చెప్పు సాక్ష్యము చెల్లదు.

అసలు కష్టము ఉప్పుతో గాదు, మంచినీటితో వచ్చెను. పటాన్‌చెరు చుట్టుపట్ల నుండువారికి ఈ మాట విప్పి చెప్ప నక్కర లేదు. నక్కవాగు సంగతి మీరెరుగుదురు. ఆ కాలుష్యమును గూర్చిన వ్యాజ్యము 1990లోనే సుప్రీంకోర్టునకు చేరెను. పటాన్‌చెరు వద్ద సుమారు తొంబది మందుల కార్ఖానాల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని 2007లో ప్రకటించిరి. అది రోగకారకములైన సూక్ష్మజీవులను చంపు మందు. మా యిల్లు ఆ కాలువకు దూరమే. అయినను చేపతొట్టి పెట్టువానికి ఈ సంగతితో పని యున్నది. ఏలయన, తొట్టిని బ్రతికించునవి సూక్ష్మజీవులే.

అదెట్లనిన, చేపలు విసర్జించు మలినమునుండి అమోనియా పుట్టును. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగ మార్చును, మరియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగ మార్చును. మొదటి రెండును చేపలకు విషము. మూడవది కొంతవరకు సహ్యము. పచ్చిపెంట పైరును కాల్చును, మాగిన పెంట పైరును పెంచును గదా. తొట్టియు నట్లే మాగవలయును. నీరు నింపి, రాళ్ళు పేర్చి, చిటికెడు మేత వేయుచు, నాలుగు నుండి ఆరు వారములు చేప లేకయే యంత్రములను త్రిప్పవలయును. మా మనుమరాలు ఆ నలువది దినములును ఖాళీనీటి ముందు కూర్చుండి నన్ను ప్రశ్నలతో చంపినది.

కుళాయినీటిలో కలుపు క్లోరిన్ గూడ సూక్ష్మజీవులను చంపుటకే గదా. కనుక కుళాయినీరు గాని బోరునీరు గాని నేరుగా పోయరాదు. పొరలగుండ నీటిని వత్తి వడగట్టు ఆర్.ఓ. యంత్రమును, దాని వెనుక మిగిలిన లవణములను పట్టు మరియొక గొట్టమును పెట్టించితిమి. లీటరు మంచినీరు వచ్చుటకు రెండు మూడు లీటర్లు వేరుగ పోవును. అట్లు పోవు నీటిని చూచి మా యింటి యిల్లాలు తొట్టి మీదికంటె దాని మీదనే యెక్కువ మండిపడెను. ఇప్పుడా నీటిని డ్రమ్ములో పట్టి గచ్చులు కడుగుచున్నాము.

ఇక సంపు. ఈ పేరు విని మీ ముంగిట నేలలో త్రవ్వించిన సంపును తలచుకొనకుడు. ఇది పైతొట్టి క్రింద, బీరువాలో నమరిన మరియొక గాజుతొట్టి. పైది చెరువనుకొనుడు. దాని మూలనున్న అడ్డపలకయే మత్తడి. మత్తడి పొరలిన నీరు గొట్టముగుండ సంపులోనికి దిగి, అందు మూడు గదులు దాటును. కడపటి గదిలోని మోటారు దానిని మరల పైకి పంపును. రేయింబవళ్ళు ఈ తిరుగుడు ఆగరాదు.

మొదటి గదిలో నీరు గుడ్డసంచిలో పడును. పెద్ద మురికి అక్కడ చిక్కును. ఆ ప్రక్కనే నురుగుయంత్ర ముండును. జహీరాబాదు వైపు చెరకు పండించువారు బెల్లము వండునప్పుడు పెనము మీద తేలిన మడ్డిని తీసివేయుదురు గదా. ఈ యంత్రమును అదే పని చేయును. ఉప్పునీటిలో సన్నని గాలిబుడగలను పుట్టించును. మలినము ఆ బుడగల నంటుకొని పైకి తేలి, ఒక గిన్నెలో నల్లని కషాయమువలె చేరును. దాని వాసన గూర్చి చెప్పను. నడిమి గదిలో రంధ్రములు గల రాళ్ళు, సూక్ష్మజీవులకు నివాసము. మూడవదానిలో మోటారు. మోటారు కొనునప్పుడు పెట్టె మీది అంకెను నమ్మకుడు. అది ఎత్తు లేనిచోట పోయు నీరు. నాలుగడుగుల పైకి ఎత్తునప్పుడు ఎంత పోయునో అడుగుడు. బోరు మోటారు కొన్న మీకు ఇది తెలిసిన విద్యయే.

బరువును గూడ తలచుకొనుడు. నీరు, గాజు, రాళ్ళు, క్రింది బల్ల అన్నియు కలిసి అయిదు క్వింటాళ్ళ వరకు తూగును. గచ్చు గట్టిగ నుండవలయును, బల్ల నాలుగు మూలలును సమమట్టముగ నుండవలయును.

ఇప్పుడు నా నష్టము సంగతి. మొదటి సంవత్సరము ఆషాఢమాసమున నొకనాటి రాత్రి గాలివానకు కరెంటు పోయెను. రెండుగంటలవేళ మా యిల్లాలు మంచినీళ్ళకై లేచి, నడిమిగదిలో కాలు పెట్టి కేక వేసినది. నేల యంతయు నీరు. ప్లగ్గులబోర్డు నేలకు జానెడెత్తున నున్నది. దాని తీగ తడిసినది. ఆ క్షణమున కరెంటు వచ్చియున్నచో ఏమగునో తలచుకొన్న నాకు నేటికిని ఒడలు జలదరించును. బీరువా ప్రక్కనే నా పుస్తకముల అర. అడుగువరుసలో మా గురువుగారిచ్చిన ఆంధ్రమహాభారతపు సంపుటములు మూడు ఉప్పునీరు పీల్చినవి.

తొట్టి పగిలెనని తలచితిమి. పగులలేదు. తెల్లవారిన తరువాత కొలతకఱ్ఱ పట్టుకొని నేనును మా వాడును కూర్చుండి లెక్క వేసితిమి. పైతొట్టి లోపలి పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 45. అనగా అందు నీరొక్క సెంటీమీటరు దిగిన 5.4 లీటర్లు. సంపు పొడవు 90, వెడల్పు 40. అందు సెంటీమీటరునకు 3.6 లీటర్లు. మోటారు నీరు పోయు గొట్టపు కొన పైతొట్టిలో 10 సెంటీమీటర్ల లోతున మునిగియుండెను. మోటారు ఆగగానే ఆ గొట్టము తిరుగబడినది. డీజిలు డ్రమ్ములో రబ్బరుగొట్టము పెట్టి నోట పీల్చి వదలిన ధార యెట్లు ఆగక వచ్చునో, అట్లే పైనీరు మోటారుగుండ క్రిందకు దిగినది. కొన బయటపడి గాలి పీల్చువరకు ఆగలేదు. పది సెంటీమీటర్లకు 54 లీటర్లు. సంపులో నీటిమీద మిగిలిన ఖాళీ యెంత? పది సెంటీమీటర్లు, అనగా 36 లీటర్లు. తక్కిన 18 లీటర్లు నా భారతమునకు చేరినవి.

ఇది అయిదవ తరగతి లెక్క. ముప్పదేండ్లు పిల్లలచేత చేయించితిని. నా యింట చేయలేదు. అమర్చినవాడు చేసియుండునని మేము తలచితిమి, ఇంటివారు చూచుకొందురని వాడు తలచెను. కొత్త చెరువునకు కట్ట ఎంత యెత్తు వేసితివని గాదు, మత్తడి యెక్కడ పెట్టితివని ముందుగా అడుగు ఊరిపెద్ద యొకడు ఆ దినమున మా యింట నుండినచో బాగుండెడిది.

సవరించుటకు వారము పట్టెను. సంపులోని అడ్డపలకలను తీయించి తక్కువ యెత్తువి అతికించితిమి; ఇప్పుడు ఖాళీ 18 సెంటీమీటర్లు, అనగా సుమారు 65 లీటర్లు. పైగొట్టపు కొనను నీటిమట్టమునకు రెండు సెంటీమీటర్ల లోతునకు లేపితిమి. మట్టమునకు కొంచెము దిగువన గొట్టమునకు చిన్న రంధ్రము వేసితిమి. నీరు దిగగానే అది గాలి పీల్చి ధారను త్రెంచును. ఆ రంధ్రమును వారమున కొకసారి పుల్లతో శుభ్రపరుపవలయును, లేనిచో పాచి మూసివేయును. నీరు వెనుకకు రాకుండ ఆపు వాల్వు నొకటి మా వాడు కొనితెచ్చెను. ఉప్పు పేరుకొన్ననాడు అది మూతపడదు. దానిని నమ్మి ఖాళీ తగ్గించుట తగదని నేనే పట్టుపట్టితిని. ప్లగ్గులబోర్డును గోడమీదికి ఎత్తించితిమి. తీగను బోర్డు క్రిందికి వ్రేలాడనిచ్చి మరల పైకి తెచ్చితిమి, తీగ వెంట జారిన బొట్టు బోర్డును చేరక నేలరాలునట్లు. కరెంటు కారిన తోడనే త్రెంచు బ్రేకరును పెట్టించితిమి.

రెండవ తప్పు పూర్తిగా నాది. మరుసటి యేడు వైశాఖమున మా వాడు పది దినములు ఊరికి పోవుచు తొట్టిని నాకప్పగించెను. ఎండకు దినమునకు నాలుగు లీటర్లు ఆవిరి యగుచుండెను. పైతొట్టి మట్టము తగ్గినట్లు కనబడదు, మత్తడి యున్నది కనుక. తగ్గుదల యంతయు సంపులోని కడపటి గదిలోనే తెలియును. సముద్రము తగ్గినది గదా యని నేను దినదినము ఉప్పునీరే కలిపి పోసితిని. ఆవిరియై పోవునది నీరే, ఉప్పు మిగిలియుండునని బెల్లపు పెనము మాట చెప్పిన నోటికి తోచలేదు. పది దినములలో నలువది లీటర్లు. అనగా 1,400 గ్రాముల ఉప్పు అదనముగా చేరినది. లీటరునకు 35 ఉండవలసినది 39 దాటబోయెను. చేపలు ఓర్చుకొనినవి. చేపల మైలను తిను ఎఱ్ఱచారల రొయ్య యొకటి యుండెను. తొమ్మిదవనాటి ప్రాతఃకాలమున అది ప్రక్కకు ఒరిగి పడియున్నది. మనుమరాలు నన్నేమియు అనలేదు. అనియున్న బాగుండెడిది. తగ్గిన నీటికి ఉప్పులేని ఆర్.ఓ. నీరే పోయవలయును, ఇప్పుడా పని తేలుడుబిరడా గల చిన్న యంత్రము చేయుచున్నది.

మా ఊర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును. తొట్టినీరు 25 నుండి 27 డిగ్రీల నడుమ నుండవలయును. సంపు మీద చిన్న పంకాలు పెట్టిన రెండు మూడు డిగ్రీలు తగ్గును, ఆవిరి హెచ్చును. మిక్కిలి ఎండలలో చల్లబరచు యంత్రము తప్పదు, దాని వ్యయమును కరెంటుబిల్లును ముందే లెక్క గట్టుకొనుడు. ఇన్వర్టరునకు మోటారును తగిలింపక పోయినను గాలిపంపు నొకదానిని తగిలింపవలయును. తిరుగుడు ఆగిన తొట్టిలో చేపలకు ఊపిరి కొరవడును.

ప్రవాళముల మాట యొకటి. అందముగా నుండునని అంగడిలో బ్రతికిన ప్రవాళములు చూపుదురు. సముద్రపు దిబ్బలు కట్టు ప్రవాళములను, నీటిగుఱ్ఱములను 2001లో వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. మన తీరములనుండి వానిని తీయుటయు అమ్ముటయు నేరము. మా తొట్టిలో నున్నవి వట్టి రాళ్ళే. చేపలను గూడ, సముద్రమున పట్టినవా, పొదిగించి పెంచినవా యని అడిగి కొనుడు. 1947లో నెలకొన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మండపము మొదలగు చోట్ల క్లౌన్ చేపలను గుడ్లనుండి పెంచు విద్యను సాధించిరి. నారింజవన్నె మీద తెల్లని పట్టెలు గల ఆ చేపలు రెండు మా తొట్టిలో నున్నవి. పెంపుడు మేతకు అలవడినవగుటచే అవి మొదటినాడే నా చేతి మేతను తిన్నవి.

సవరణ యైన నాడు మా వాడు, “ఇక భయము లేదు నాయనా” అనెను. నేనొప్పుకొనలేదు. పగటివేళ అందరమును చుట్టు నిలిచి, బట్టలు సిద్ధముగా పెట్టుకొని, మెయిను స్విచ్చి నాపించితిని. పైనీరు దిగినది, గొట్టపు రంధ్రము గుటగుటమని గాలి పీల్చినది, ధార త్రెగినది. సంపులో నీరు పైకి వచ్చి వచ్చి నిలిచినది. నిలిచినచోట మనుమరాలు గాజు మీద ఎఱ్ఱసిరాతో గీత గీసినది. అది మొదలు ప్రతి అమావాస్యనాడు స్విచ్చి ఆపి చూచుచున్నాము. మొన్నటి అమావాస్యనాడు నీరు గీతకు వ్రేలెడు పైకి వచ్చెను. పుల్ల తెచ్చి చూడగా రంధ్రము సగము పూడియున్నది.