పోర్చుగీసువారి భోజనము - పరదేశమునకు బోవు మనవారు



మన కర్నూలు, కడప సీమలవారికి పరదేశప్రయాణము క్రొత్త కాదు. రాయచోటి, రాజంపేట ప్రాంతముల నుండి వేలకొలది జనులు కువైటునకు బోయి కష్టపడి సంపాదించుచున్నారు. చదువులకును, ఉద్యోగములకును యూరపు ఖండమునకు బోవు యువకులును గలరు. పిల్లవాడు ప్రయాణమగునప్పుడు ఇంటి పెద్దలు మొదట నడుగునది జీతమును గూర్చి కాదు, "అక్కడ ఏమి తిందువు నాయనా?" అని యడుగుదురు. ఆ ప్రశ్నకు పోర్చుగలు దేశమును గూర్చి సమాధానము చెప్పదలచితిని. ఆ దేశమునే యెన్నుకొనుటకు కారణమున్నది. వారి వంటయింటికిని మన వంటయింటికిని ఐదువందల యేండ్ల చుట్టరికము గలదు.

వాస్కో డ గామా 1498వ సంవత్సరమున కోళిక్కోడు చెంత ఓడ దిగెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. ఆ కాలమున మన సీమ విజయనగర రాజ్యములోనిది. గుఱ్ఱముల వర్తకము నిమిత్తము వారికిని రాయలవారికిని రాకపోకలు గలవు. 1520 ప్రాంతమున డొమింగో పాయెస్ అను పోర్చుగీసువాడు విజయనగరమునకు వచ్చెను. అతడును మన దేశమున క్రొత్తవాడే. అచ్చటి అంగళ్ళలో బియ్యము, గోధుమలు, పెసలు, ఉలవలు రాసులుగా నుండుటయు, ద్రాక్ష, దానిమ్మ, పనస, మామిడి పండ్లు చవుకగా దొరకుటయు జూచి, ఇంత సమృద్ధి గల పట్టణము లోకమున లేదని వ్రాసి పెట్టెను. ఎఱుగని దేశపు తిండిని అతడు ఏవగించుకొనలేదు. ఏది యేమో తెలిసికొని వ్రాసెను. పరదేశమునకు బోవువారికి ఈ బుద్ధి మొదట వలయును.

మన సీమ యనగానే ఎల్లరకును కారము జ్ఞప్తికి వచ్చును. ఆ మిరపకాయ మన దేశపు పంట కాదు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలపై అది మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మన పెద్దలకు కారమనగా మిరియమే. ఆ మిరియపు పేరే మిరపకాయకును సంక్రమించినది. బొప్పాయి, అనాస, జీడిమామిడి వారు తెచ్చినవే. సబ్బు, బొత్తాము, మేస్త్రి, వేలము, పీపా అను మాటలును వారి భాష నుండి వచ్చినవే. సంగటిలోనికి ఎఱ్ఱకారము నూరుకొను ఇల్లాలు దానిని పరదేశపు వస్తువని తలచునా? నిన్న పరాయిది, నేడు మన రోటిలోనిది.

ఇక వారి భోజనమును జూతము. గోధుమరొట్టె వారికి ప్రధానము. దానిని 'పావ్' అందురు. మన పట్టణములలో అమ్మెడు పావురొట్టెకు ఆ పేరు అచ్చటనుండియే వచ్చినది. ఉత్తరపు జిల్లాలలో మొక్కజొన్నపిండిని రై అను ధాన్యపు పిండితో గలిపి 'బ్రోవ' అను గట్టిరొట్టె కాల్చుదురు. జొన్నరొట్టె నెఱిగినవారికి ఇది హితముగా నుండును. నూనె యనగా ఆలివుకాయల నూనె. పెద్దసెనగలు, చిక్కుడుగింజలు, ఉర్లగడ్డలు, కాబేజీ జాతి ఆకుకూరలు విరివిగా వాడుదురు. మిరపకారము మాత్రము చాల తక్కువ.

ఆ దేశమునకు దక్షిణమున అలెంతేజు అను ప్రాంతము గలదు. అది మన సీమవలె ఎండకు మాడు మెట్టభూమి. అచ్చటి పేదరైతులు మిగిలిన రొట్టెను పారవేయరు. వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు కలిపి నూరి, ఆలివునూనె పోసి, పైన వేడినీరు పోసి, అందులో ఆ రొట్టెముక్కలు వేసికొని తిందురు. దీనిని 'అసోర్ద' అందురు. పైన గ్రుడ్డు వేయుట వాడుక, వలదన్న మానుదురు. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో బిసికి ఉల్లిగడ్డతో తిన్నవారికి దీని మర్మము చెప్పనక్కరలేదు. వాన తక్కువైన నేలపై బ్రతుకువారు ఎచ్చటనైనను మెతుకును గౌరవింతురు.

అయినను కొన్ని జాగ్రత్తలు గలవు. 'కాల్దు వేర్ద్' అను ఆకుకూర చారు పేరునకు కూరాకుదే గాని, అందులో పందిమాంసపు ముక్క యొకటి వేయుట వాడుక. సెనగల కూరలలోను, చిక్కుడుగింజల కూరలలోను అట్లే. కొన్ని మిఠాయిలలో పందికొవ్వు పడును; పెక్కింటిలో గ్రుడ్డుసొన యుండును. 'అరోజ్ దోసు' అను పాయసము మన పరమాన్నమునకు సోదరి; బియ్యము, పాలు, చక్కెరతో వండి పైన దాల్చినచెక్క పొడి చల్లుదురు. అందులోను గ్రుడ్డుసొన కలుపువారు గలరు. 'బకల్యావు' అనునది ఉప్పువేసి యెండబెట్టిన చేప. దానిని ఒకటి రెండు దినములు నీరు మార్చుచు నానబెట్టి వండుదురు. చేప తినువారికి అది మంచి యాహారము.

కావున ప్రయాణమగువాడు నాలుగు మాటలు నేర్చుకొనవలెను. మాంసము 'కార్న్', పంది 'పోర్కు', చేప 'పైష్', గ్రుడ్డు 'ఓవు'. వీనికి ముందు 'లేకుండ' అను అర్థము గల 'సెం' అను మాట చేర్చి చెప్పిన చాలును. గొఱ్ఱెల మందలు గల మన సీమవారికి ఇంకొక సంగతి. సెర్ర ద ఎస్ట్రెల కొండలలో గొఱ్ఱెపాలతో చీజు చేయుదురు. పాలు విరియుటకు దూడకడుపులోని పదార్థమును గాక, ఒక ముండ్లచెట్టు పువ్వును వాడుదురు. శాకాహారులు దీనిని నిస్సందేహముగా తినవచ్చును.

పూటకూటియిండ్లలో ఒక యాచారము గలదు. మనము అడుగకమునుపే రొట్టె, వెన్న, ఆలివుకాయలు తెచ్చి బల్లపై నుంచుదురు. అవి ఉచితమని తలపవలదు. తిన్నచో వెల కట్టుదురు. అక్కరలేనిచో మర్యాదగా తీసికొనిపొమ్మనవచ్చును. అందుకు వారు కోపగింపరు.

పానీయముల మాట. ద్రాక్షసారాయము అచ్చట భోజనముతో పాటు పుచ్చుకొను వస్తువు. దోరు నదీలోయలోని ద్రాక్షతోటలకు 1756లోనే ప్రభుత్వము ఎల్లలు నిర్ణయించినది. త్రాగనివానిని నిర్బంధించుట వారి మర్యాద కాదు. కొళాయినీరు త్రాగుటకు యోగ్యమైనది. తేనీటిని వారు 'షా' అందురు. మన చాయ మాటకు అది తోబుట్టువు. పొడవైన గాజుగ్లాసులో పాలు హెచ్చుగా పోసి యిచ్చు కాఫీని 'గలావ్' అందురు. వేడినీటిలో నిమ్మతొక్క వేసి యిచ్చు పానీయమును గలదు.

ఇంటినుండి పంపదలచిన వస్తువులను గూర్చి తల్లులు వినవలెను. నేయి, పాలకోవ మొదలైన పాలపదార్థములను, మాంసపదార్థములను మన దేశమునుండి యూరపు సమాఖ్య దేశములలోనికి ప్రయాణికులు కొనిపోరాదు. పచ్చి కరివేపాకునకును, మామిడిపండ్లకును ప్రత్యేకమైన ధ్రువపత్రము కావలెను. సరిహద్దున తీసి పారవేయుదురు. అంతకంటె వంట నేర్పి పంపుట మేలు. లిస్బను నగరమున మార్తీం మొనీజ్ అను చోట మన దేశపు సరకుల అంగళ్ళు గలవు. బియ్యము, పప్పు, కారము అచ్చట దొరకును. అన్నము వండుట, పప్పు తిరుగబోయుట తెలిసిన పిల్లవాడు ఎచ్చటను పస్తుండడు. మగపిల్లవానికి వంట యేల యను మాట ఇకనైన మానుదము.

పెద్దలారా, పరదేశమున పిల్లలు చెడిపోవునది తిండివలన కాదు, సిగ్గువలన. తన నియమమును చెప్పుటకు సిగ్గుపడి, ఇష్టములేనిది తిని లోలోన కుములువాడొకడు. ఎవరిని అడుగుటకును సిగ్గుపడి, గదిలో నొంటరిగా అరకడుపుతో పండుకొనువాడొకడు. ఇద్దరును కృశింతురు. "నేను ఇది తినను, అది సంతోషముతో తిందును" అని నవ్వుమొగముతో చెప్పువానిని ఏ దేశమువారైనను గౌరవింతురు. ఆ రెండు మాటలును మనము ఇంటివద్దనే నేర్పి పంపవలెను. నియమమును విడువుమనియు చెప్పవలదు, పరుల పళ్ళెమును హీనముగా చూడుమనియు చెప్పవలదు. వారి ఓడ తెచ్చిన మిరపకాయను మన తాతలు నాటుకొనిరి. అంతమాత్రమున మన సంగటి మానలేదు.