మూసిన తలుపులు తెఱచిన గానము: ముత్తుస్వామి దీక్షితులు



గ్రంథాలయ రజతోత్సవమున నొక గాయకుని చరిత్రము చెప్పుట యేల యని కొందఱకు సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము కథాంతమున దానంతట అదియే దొరకును. ఇప్పటికి ఒక్కమాట చాలును. విద్యాలయపు తలుపులు రెండు విధములుగా మూతపడును. నీకధికారము లేదని కొందఱిని వెలుపల నిలుపుట మొదటి విధము. పరదేశమునుండి వచ్చినది మనకు పనికిరాదని దానిని లోనికి రానీయకుండుట రెండవ విధము. ఈ రెండు తలుపులను తన పాటతో తెఱచిన మహనీయుడు ముత్తుస్వామి దీక్షితులు.

మాటను తానే కూర్చి, దానికి తగిన రాగతాళములను తానే అమర్చి, తానే పాడువానిని మన పెద్దలు వాగ్గేయకారుడనిరి. అట్టివారు ముగ్గురు ఒకే ఊరిలో, పదునైదేండ్లకు అటు నిటుగా జన్మించుట లోకమున అరుదు. ఆ ఊరు తంజావూరు సీమలోని తిరువారూరు. 1762లో శ్యామశాస్త్రులు, 1767లో త్యాగరాజస్వామి, 1775-76 నాటి మన్మథనామ సంవత్సరమున ముత్తుస్వామి దీక్షితులు అచ్చట పుట్టిరి. మొదటి ఇరువురి పాట చాలవఱకు తెలుగే గనుక వారు మన ఇండ్లలో చుట్టములవంటివారైరి. దీక్షితులు సంస్కృతమున పాడెను. తెలుగున రచించినవి కొలదియే. అందుచేత పల్లెలలో ఆయన పేరు తెలిసినంతగా ఆయన కథ తెలియలేదు.

తండ్రి రామస్వామి దీక్షితులు గొప్ప విద్వాంసుడు. హంసధ్వని రాగమును లోకమునకిచ్చినవాడు ఆయనయే యని సంగీతజ్ఞులు చెప్పుదురు. నూటయెనిమిది రాగములను తాళములను గ్రుచ్చి ఒకే మాలికగా కూర్చిన ఘనుడు. ఆయన రచనలు చాలవఱకు తెలుగున నున్నవి. నడివయస్సు వచ్చినను సంతానము లేక, వైదీశ్వరన్‌కోయిలలో బాలాంబికను, ముత్తుకుమారస్వామిని ఆ దంపతులు సేవించిరట. అచ్చటి దేవుడు వైద్యనాథుడు, రోగములు మాన్పువాడు. ఆ సేవాఫలముగా పుట్టిన బిడ్డకు ముత్తుస్వామి యని పేరిడిరి. వైద్యుడైన దేవుని సన్నిధి ప్రసాదమైన ఈ బిడ్డ పాట, పిమ్మట నొక రోగి కథతో ముడివడుట మనము ముందు చూతుము.

మద్రాసు చెంతనున్న మణలి గ్రామపు జమీందారు రామస్వామి దీక్షితుల విద్యకు మెచ్చి, కుటుంబమును తనయొద్దకు పిలిపించుకొనెను. ఆయన కుమారుడు చిన్నయ్య మొదలియారు ఈస్టిండియా కంపెనీవారికి దుబాసీ. ఆయన వెంట ఈ సోదరులు సెంటుజార్జి కోటకు పోయి, అచ్చటి తెల్లదొరల బ్యాండు వాద్యమును వినిరి. ఆ కాలమున మఱొక శ్రోత్రియ కుటుంబమైనచో, మ్లేచ్ఛవాద్యమని చెవులు మూసికొని స్నానము చేసి యుండును. వీరట్లు చేయలేదు. ముత్తుస్వామి ఆ సీమపాటల వరుసలను పట్టి, వానికి సంస్కృతమున దేవతాస్తుతులు కూర్చెను. అవి సుమారు నలువది. వానినే నోటుస్వర సాహిత్యములందురు. ఇంగ్లండు రాజుగారి కొఱకు పాడు జాతీయగీతపు వరుస కూడ వీనిలో నొకటి! దొర రాజునకు దీర్ఘాయువు కోరు వరుసలో దీక్షితుల చేతియందు దేవతాస్తుతి వెలసినది. శంకరాభరణ స్వరములలో నడచు ఆ చిన్న పాటలు నేటికిని పిల్లలకు నేర్పుటకు అనువుగా నున్నవి.

తమ్ముడు బాలుస్వామి మఱొక అడుగు ముందునకు వేసెను. ఆ దొరల ఫిడేలును చేతబట్టి, వారియొద్దనే అభ్యసించి, మన రాగములను దానిపై పలికించెను. నేడు ఫిడేలు లేని కచేరీ అరుదు. అది కర్ణాటక సంగీతమున ప్రవేశించిన త్రోవ ఈ ఇంటిగుండ సాగినది.

అంతట చిదంబరనాథయోగి యను సన్న్యాసి మణలికి వచ్చి, ముత్తుస్వామిని తనవెంట కాశికి తోడ్కొని పోయెను. గంగాతీరమున కొన్ని సంవత్సరములు గురుశుశ్రూష చేసి, శ్రీవిద్యను, వేదాంతమును అభ్యసించుటతోపాటు దీక్షితులు ఉత్తరాది గాయకుల ధ్రుపద గానమును శ్రద్ధతో వినెను. ఏనుగు నడకవలె తొందర లేక, ఒక్కొక్క స్వరమును నిలిపి, దాని లోతు చూపి, పిమ్మట రెండవదానికి పోవు పద్ధతి అది. దీక్షితుల కృతులలోని విలంబగమనమునకు ఆ వినికిడియే మూలమని విజ్ఞులు భావింతురు. కృతి తుదిలో నడక నొక్కసారి రెట్టింపు చేసి మధ్యమకాల సాహిత్యముతో ముగించుట ఆయన సొంత ముద్ర. ద్విజావంతి వంటి ఉత్తరదేశపు రాగములు ఆయన కృతులద్వారా మన విద్వాంసుల నోట పాతుకొనినవి. గురువు ఆనతిపై గంగలో దిగి ఒక వీణను పొందెనని, దానిపై రామనామము నాగరలిపిలో నుండెనని పరంపర చెప్పును.

దక్షిణమునకు మరలి వచ్చిన పిమ్మట తిరుత్తణి కుమారస్వామి సన్నిధిలో ఆయన వాగ్గేయకారుడయ్యెను. కన్నులు మూసి ధ్యానించుచుండగా నొక వృద్ధుడు వచ్చి నోట కలకండ పలుకు వేసి మాయమయ్యెనట. తోడనే పాట వెలువడినదట. నాటినుండి తన కృతులలో గురుగుహ యను ముద్ర నుంచెను. ఆ మొదటి కృతులను సంస్కృతమున నున్న విభక్తుల వరుసను బట్టి కూర్చెను. వ్యాకరణమును పాటగా చేసి చూపిన ఈ నేర్పు చదువుకొనువారు గమనింపదగినది.

ఇంతటి విద్వాంసునకు సుఖజీవనము లభించెనా యన్నచో, లేదనియే చెప్పవలెను. తిరువారూరిలో నున్నకాలమున నొకనాడు ఇంట బియ్యము నిండుకొనెను. ఆయన శిష్యురాలు, దేవదాసీ కులజాత కమలము, సంగతి యెఱిగి తన గాజులు కుదువబెట్టి సరకులు తెత్తునని బయలుదేరెను. దీక్షితులు వలదని వారించి, ఆమెను వెంటబెట్టుకొని గుడికి పోయి, త్యాగరాజేశ్వరుని యెదుట యదుకులకాంభోజి రాగమున పాడెను. వారు మరలి వచ్చుసరికి వీథియంతయు బియ్యము, పప్పు, నెయ్యి దింపుచున్న బండ్లు! సర్కారు అధికారి యొకడు ఊరికి వచ్చుచున్నాడని సరంజామా సమకూర్పగా, ఆయన రాక ఆగిపోయినదట. తెచ్చినది పాడుచేయనేల యని దీక్షితుల యింట దింపిరట. అధికారులు రాకున్నను వారి పేర సరకులు పోగగుట గ్రామోద్యోగులకు తెలియని సంగతి కాదు. అవి చేరవలసిన ఇంటికి చేరుటయే ఇందలి విశేషము. కథను యథాతథముగా నమ్మినను నమ్మకున్నను, శిష్యురాలి గాజులు తన ఆకలికై తాకట్టు పడరాదన్న గురువు మనస్సు ఇందు స్పష్టము.

ఇక రోగి కథకు వత్తము. తిరువారూరు గుడిలో శుద్ధమద్దెల వాయించు తంబియప్ప దీక్షితుల శిష్యుడు. అతనిని తీవ్రమైన కడుపునొప్పి పట్టి బాధించెను. మందులు పనిచేయలేదు. దీక్షితులు జ్యోతిషము నెఱిగినవాడు. జాతకము చూచి, గురుగ్రహము అనుకూలముగా లేదని, శాంతి చేయవలెనని తలచెను. శాంతికి మంత్రజపము కావలెను. తంబియప్ప కులమువారికి ఆ జపమున అధికారము లేదని ఆనాటి కట్టడి. ఇచ్చటనే దీక్షితుల ఔన్నత్యము కానవచ్చును. కట్టడి యిట్లున్నది గదా, నీ కర్మము అనలేదు. తానే నీ బదులు జపింతునని దక్షిణయు అడుగలేదు. గురుగ్రహమును స్తుతించుచు అఠాణ రాగమున, త్రిపుటతాళమున నొక కృతి కట్టి, దానిని శిష్యునకు నేర్పి, నీవే పాడుకొనుమనెను. పాడగా పాడగా నొప్పి తగ్గెనని పరంపర చెప్పును.

నొప్పి పాటవలన తగ్గెనా, కాలమువలన తగ్గెనా యనునది వైద్యులు తేల్పవలసిన విషయము. కడుపునొప్పి వచ్చినవారు పాటను నమ్మి వైద్యుని విడువరాదు. కాని యొక్కటి మాత్రము నిస్సందేహము. వేదమంత్రమున కుండిన కంచె పాటకు లేదని దీక్షితులు గ్రహించెను. గుడిలో మద్దెల వాయించువానికి దేవుని ముందర చేతులకు పనియున్నది, నోటికి అనుమతి లేదు. ఆ నోటికి ఆయన అనుమతి నిచ్చెను. రోగము మాట యెట్లున్నను, ఆ గాయమునకు అది చికిత్సయే.

ఆ యొక్క కృతితో ఆయన యూరకుండలేదు. వారమునకు అధిపతులైన ఏడు గ్రహములకును ఏడు కృతులు కూర్చెను. సూర్యునకు సౌరాష్ట్రము, చంద్రునకు ఆసావేరి, కుజునకు సురటి, బుధునకు నాటకురంజి, గురునకు అఠాణ, శుక్రునకు పరజు, శనికి యదుకులకాంభోజి. తాళములును ఏడే: ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏకములు. ఇట్లు మన పాట నేర్చు బాలురకు ప్రాణమైన సూళాది సప్తతాళములు వారమునకొక్కటిగా అమరినవి. ఒక రోగికై పుట్టినది ఒక శాస్త్రమునకు పాఠ్యగ్రంథమైనది! ఆయన శిష్యులలో నట్టువాంగ్రముచేయు పొన్నయ్య సోదరులు నలుగురు, గుడిలో ఆడు దేవదాసీలు, వాద్యగాండ్రు ఉండిరి. ఆనాడు చిన్నచూపునకు గుఱియైన వృత్తులవారు ఈ శ్రోత్రియుని యింట విద్య పొందిరి.

తుదకు తమ్ముని వెదకుచు దీక్షితులు దక్షిణమునకు బయలుదేరెను. బాలుస్వామి ఎట్టయపురము సంస్థానమున ఆస్థాన విద్వాంసుడై యుండెను. దారిలో ఎండి బీటలువారిన నేలలను చూచి, కరుణతో అమృతవర్షిణి రాగమున దేవిని ప్రార్థింపగా వాన కురిసెనని ప్రతీతి. ఎట్టయపురముననే 1835లో, మరల వచ్చిన మన్మథ సంవత్సరమున, నరకచతుర్దశినాడు ఆయన దేహము చాలించెను. అరువదేండ్ల చక్రము సరిగా నొక్కసారి తిరిగినది. ఆయన సమాధి నేటికిని అచ్చటనే యున్నది.

కథ ఇంతటితో ముగిసినయెడల గ్రంథాలయమునకు దీనితో పనిలేదు. పనియున్న భాగము ఇకమీదనే కలదు. ఆ కాలమున పాట పుస్తకమున నుండెడిది కాదు. విద్వాంసుల కంఠముననో, తాటాకులలోనో, పెట్టెలలోనో దాగియుండెడిది. తండ్రి కొడుకునకు చెప్పకయే పోయినచో కృతి కూడ కాటికి పోయెడిది. బాలుస్వామి దౌహిత్రుడును దత్తపుత్రుడును అయిన సుబ్బరామ దీక్షితులయొద్ద ఈ ధనమంతయు నుండెను. చిన్నస్వామి మొదలియారు అను క్రైస్తవ విద్వాంసుడు ఆయనను ఆశ్రయించి, వీనిని లోకమునకు వెల్లడింపుమని వేడెను. సీమపద్ధతి స్వరలేఖనమున మన సంగీతమును అచ్చువేయుటకై చిన్నస్వామి తన ఆస్తిని, ఆరోగ్యమును ధారపోసెను. తనవలన కానపుడు ఎట్టయపురపు రాజుగారి ద్వారా సుబ్బరామ దీక్షితులను ప్రోత్సహింపజేసెను. ఫలితముగా 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని వెలువడినది. సుమారు 1,700 పుటల ఆ మహాగ్రంథమున ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 స్వరములతో నున్నవి.

తమిళదేశమున, తమిళ సంస్థానమున అచ్చయిన ఆ గ్రంథపు భాష యేది? తెలుగు! దక్షిణదేశపు గాయకులకు తెలుగు అంతటి ఇంటిభాషగా నుండెను. పిమ్మట మద్రాసు సంగీత విద్వత్సభవారు 1961 మొదలుకొని దానిని తమిళమున వెలువరించిరి. సంస్కృతమున పుట్టిన పాట, తెలుగక్షరములలో నిలిచి, క్రైస్తవుని తపనతో అచ్చెక్కి, తమిళుల చేతికి చేరినది. దీక్షితులు తెఱచిన తలుపును ఆయన తరువాతివారు మూయలేదు.

సోదరులారా! ఈ గ్రంథాలయపు గుమ్మమున చెప్పులు విడిచి లోనికి వచ్చువానిని నీ కులమేది, నీకు చదువునకు అధికారమున్నదా యని అడుగువారు లేరు. ఇరువదియైదేండ్లుగా చందా పుస్తకమున ఒకరి పేరు క్రింద నింకొకరి పేరు వ్రాయబడుచున్నది. ఇది మన గ్రామమునకు గొప్ప గౌరవము. అయినను చేయవలసినది మిగిలియున్నది. మన ఇండ్ల అటకలమీద చెదలు తినుచున్న తాటాకు కట్టలు గలవు. మన అవ్వల నోట మంగళహారతులు, లాలిపాటలు, ఊడ్పుపాటలు గలవు. అవి వారితోడనే పోవుచున్నవి. సుబ్బరామ దీక్షితుల పెట్టెవలె వానినిగూడ తెఱువవలెను. ఇంటికొక పాట, ఇంటికొక పాత పుస్తకము ఈ బీరువాలకు చేరినచో, స్వర్ణోత్సవమునాడు ఇచ్చట చేరు మన పిల్లలు మనలను తలచుకొందురు. అంతకు మించిన దీక్షిత జయంతి వేఱొకటి లేదు.