గ్రేస్ అను మాట, గ్రేస్ అను పేరు
(బోరబండ స్త్రీల మైత్రి కూటములో చదివిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంచికకు ఒక ప్రసంగ పాఠము పంపవలెనని మమ్ములను కోరినప్పుడు, దేనిని గురించి మాట్లాడుదుమా అని ఆలోచించితిమి. సంఘ చరిత్రను పెద్దలు వ్రాయుచున్నారు. మేము మా సంఘపు పేర్ల పట్టీ తీసి చూడగా ఒక పేరు మాటిమాటికి కనబడినది. ఉత్త గ్రేస్, గ్రేస్ మణి, గ్రేస్ కుమారి, షారోను గ్రేస్, పాతకాలపు గ్రేసమ్మ. ఈ పేరు పెట్టిన తలిదండ్రులలో ఇంగ్లీషు చదువనివారే ఎక్కువమంది. ఈ మాట ఎక్కడనుండి వచ్చినది, ఎన్ని అర్థములు మోయుచున్నది, మన బస్తీకి వచ్చి ఏమైనది అని తెలిసికొనుటకు ప్రయత్నించితిమి.

ఇంగ్లీషు భాషకు ఇది పుట్టింటి మాట కాదు. సుమారు 800 ఏండ్ల క్రిందట ఫ్రెంచి భాషనుండి అందులోనికి వచ్చినది. ఫ్రెంచివారికి లాటిను భాషలోని 'గ్రాతియా' నుండి వచ్చినది. గ్రాతియా అనగా ఒకరికి మరియొకరియందు కలిగిన ఇష్టము. ఆ ఇష్టముచేత చేసిన మేలు. ఆ మేలు పొందినవాడు తెలుపు కృతజ్ఞత. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని కలిపి ఒకే మాట యుండుట మాకు ఎంతో బాగుగా తోచినది. దీనికి మూలమైన 'గ్రాతుస్' అను లాటిను పదమును, వేదభాషలో 'కొనియాడబడిన' అని అర్థమిచ్చు 'గూర్త' అను పదమును ఒకే కుదురునుండి మొలిచినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. స్తుతి అని అర్థమిచ్చు 'గిర్' అను సంస్కృత శబ్దము కూడ ఆ కుదురులోనిదే. మనము గీర్వాణమనునప్పుడు పలుకునది దానినే. కాబట్టి గ్రేస్ అనునది దొరల పేరని ఎవరైన ఎగతాళి చేసినచో, దానికి ఈ దేశములోను దూరపు చుట్టములున్నారని చెప్పవచ్చును.

ఆడపిల్లకు పేరుగా దీనిని వ్యాపింపజేసినవారు ఇంగ్లండులోని ప్యూరిటనులు. వారు 16, 17 శతాబ్దములలో ఫెయిత్, హోప్, ప్రూడెన్స్ అని సద్గుణముల పేర్లు పిల్లలకు పెట్టుచుండిరి. తరువాత 1838 సెప్టెంబరులో దీపస్తంభము కావలివాని కుమార్తెయైన గ్రేస్ డార్లింగ్, 22 ఏండ్ల యువతి, తుపానులో తండ్రితో కూడ పడవ నడిపి, బండలకు కొట్టుకొని పగిలిన ఓడలోనివారిని కాపాడుటవలన ఈ పేరు ఇంటింటికి తెలిసినది. ఇంటిపేరుగా నున్న గ్రేస్ సంగతి వేరు. ఐర్లండులోని గ్రేస్ వంశమువారికి ఆ పేరు 'లావైన' అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి వచ్చినదందురు. పాత క్రికెట్ ఆటగాడు డబ్ల్యు.జి. గ్రేస్ పటము చూచినవారికి ఆ అర్థమే సరిపోయినదని తోచక మానదు.

మన గ్రామములలో హన్నమ్మ, యోహాను అను పేర్లు మొదటి తరములనుండి ఉన్నవి. హన్నా అను హెబ్రీ పేరునకు అర్థము కృప. యోహాను అనగా యెహోవా కృప చూపెను అని. అనగా నాయనమ్మ హన్నమ్మ, తల్లి కృపమ్మ, కూతురు గ్రేస్ అయిన ఇంటిలో మూడు తరములవారికి ఒకే పేరు. పాత పేర్లు ఇప్పటి పిల్లలకు నామోషీగా నున్నవని పెద్దలు బాధపడుదురు గాని, ఈ విషయములో పిల్లలు నాయనమ్మ పేరునే పెట్టుకొన్నారు.

కృప అను మాటయు సామాన్యమైనది కాదు. సంస్కృతములో దీని మూలమునకు విలపించుట, జాలిపడుట అని అర్థము. మహాభారతములో శంతనుడు అడవిలో దొరికిన కవల పిల్లలను కృపతో పెంచెను గనుక వారికి కృపుడు, కృపి అని పేర్లు వచ్చినవి. ఆ కృపుడే కృపాచార్యుడు. ఇంగ్లీషులో నవలలు వ్రాసిన తొలి భారత స్త్రీలలో ఒకరైన కృపాబాయి సత్యనాథన్ (1862–1894) కూడ ఈ పేరుగల క్రైస్తవురాలే. వింత ఏమనగా, 'కృపణుడు' అను మాటయు ఆ మూలమునుండియే పుట్టినది. మొదట జాలిపడదగిన దీనుడని అర్థము, తరువాత పిసినారి అని అర్థము! మాటలు ఎటు నడచునో ఎవరు చెప్పగలరు?

ఇంగ్లీషులో గ్రేస్ నడిచిన దారులును అనేకములు. భోజనమునకు ముందు చేయు ప్రార్థన గ్రేస్. డ్యూకును, ఆర్చిబిషప్పును 'యువర్ గ్రేస్' అందురు. నాట్యమందలి ఒయ్యారము గ్రేస్. మన దేశములో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము, గడువు పెట్టిన ప్రామిసరీ నోటుకు గడువు దినము తరువాత 3 దినములు 'గ్రేస్' ఇచ్చినది. నెలనెలా కట్టు జీవిత బీమా ప్రీమియమునకు 15 దినములు గ్రేస్ ఉన్నది. ఇక గ్రేస్ మార్కుల మాట చెప్పనక్కరలేదు. మన పిల్లలకు వేదాంతమంతయు అక్కడనే మొదలగును.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము.

సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. 2003లో మన స్టేషనుకు ఎం.ఎం.టి.ఎస్. బండ్లు వచ్చినవి. బోరబండలో లింగంపల్లి బండి ఎక్కినచో తరువాతి స్టేషను హైటెక్ సిటీయే. ఆ అద్దాల మేడలలో కంప్యూటర్ల ముందు కూర్చుండువారు మన పిల్లలలోను కొందరున్నారు, దేవునికి స్తోత్రము. నేల తుడుచువారు, క్యాంటీనులో గిన్నెలు కడుగువారు, గేటునొద్ద నిలుచువారు అంతకంటె ఎక్కువమంది. మాలో ఒక సహోదరి 11 ఏండ్లు ఒకే మేడలో, ఒకే అంతస్తులో హౌస్‌కీపింగు పని చేసినది. ఆ 11 ఏండ్లలో ఆమె యూనిఫారము మీది కంట్రాక్టరు పేరు నాలుగుసార్లు మారినది. అంతస్తు మారలేదు, చేయు పని మారలేదు. మానివేసిన దినమున గ్రాట్యుటీ అడుగగా, ఏ ఒక్క కంట్రాక్టరు క్రిందను నీకు ఐదేండ్లు నిండలేదనిరి. కొంత పైకము చేతిలో పెట్టి, 'ఇది మా దయ' అని చెప్పి, కాగితముమీద సంతకము చేయించుకొనిరి.

గ్రాట్యుటీ అను మాట గ్రాతియాకు మనుమరాలి వంటిది. దాని పాత అర్థము యజమాని ఇష్టపడి ఇచ్చు బహుమానమే. హోటలులో సర్వరుకు ఇచ్చు టిప్పును నేటికిని ఇంగ్లీషులో గ్రాట్యుటీయందురు. మన దేశములో 1972 నాటి గ్రాట్యుటీ చట్టము దానిని బహుమానపు వరుసనుండి తీసి హక్కుల వరుసలో పెట్టినది. 10 మంది లేక అంతకెక్కువమంది పనిచేయు చోట, ఎడతెగక ఐదేండ్లు పనిచేసినవారికి, ఏడాదికి 15 దినముల కూలి చొప్పున లెక్కగట్టి ఇయ్యవలెనని అందులో నున్నది. చివరి నెల మూలవేతనము, కరవు భత్యము కలిపి 13,000 రూపాయలనుకొందము. 26 చేత భాగించినచో దినమునకు 500, 15 దినములకు 7,500, 11 ఏండ్లకు 82,500 రూపాయలు. అంట్లు తోమి బ్రతుకు ఇంటికి ఇది ఒక ఆడపిల్ల చదువు. ఈ హక్కుకు అడ్డుగా ఏ ఒప్పందము వ్రాయించుకొన్నను చెల్లదని ఆ చట్టములోని 14వ సెక్షను చెప్పినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టమును తనలో కలుపుకొన్నది గాని గ్రాట్యుటీ హక్కును తీసివేయలేదు. పింఛను, గ్రాట్యుటీ దయచేసి ఇచ్చు దానములు కావని, ఉద్యోగి తన సేవవలన సంపాదించుకొన్నవని 2013లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టముగా చెప్పినది.

గ్రేస్‌కు తోడబుట్టిన పేరు మెర్సీ. మన ఇండ్లలో అక్క గ్రేస్ అయితే చెల్లెలు మెర్సీ యగుట మామూలే. ఈ మెర్సీకి మూలమైన లాటిను మాట 'మెర్కెస్'. దాని అర్థము జాలి కాదు, కూలి! మార్కెట్టు, మర్చంటు అను మాటలు దాని బంధువులే. దిక్కులేనివారికి మేలు చేసినవానికి పరలోకమున దొరకు జీతము అను భావము దానికి సంఘములో వచ్చి, తరువాత ఆ మేలే మెర్సీయైనది. ఫ్రెంచివారి నోట అది 'మెర్సి', అనగా వందనములు. అనగా కూలి అను మాట అరిగి అరిగి దయగా మారినది. దయ అను మాట చట్టముచేత కూలిగా మారినది. అక్కచెల్లెండ్రు చీరెలు మార్చుకొన్నట్లున్నది.

మాటలు మారవచ్చును, లెక్కలు మారరాదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో జీతమును కృపను రెండు వేరు లెక్కలుగా చూపినాడు. చేసిన పనికి రావలసినది కృప కాదు, అప్పు. యాకోబు పత్రిక 5వ అధ్యాయము బిగబట్టిన కూలిని గూర్చి ఇంకను గట్టిగా పలుకును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయమును గురించి మన పెద్దలు చెప్పునప్పుడు, కరవు కాలములో పోస్నెట్ దొరగారు జనులకు అన్నము పెట్టిరని కృతజ్ఞతతో చెప్పుదురు. సత్యమే. అయితే ఆ జనులు రాళ్లు మోసిరి. తిన్న అన్నము వారి కూలి కూడ. దొరగారి ప్రేమను తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. మోసినవారి భుజములను లెక్కలో వేయుచున్నాము.

గ్రేస్ అని పిల్లకు పేరు పెట్టునప్పుడు తలిదండ్రులు చెప్పు మాట వేరు. ఈ బిడ్డ మా యోగ్యతనుబట్టి రాలేదు, మేము కొనలేదు, దేవుడు ఊరక ఇచ్చెను అని. ఆ పేరు అక్కడ సరిగా కూర్చున్నది. కంట్రాక్టరుగారి కవరుమీద కూర్చుండదు.

ఆ సహోదరి సంగతి ఇంకను తేలలేదు. నాలుగు పాత గుర్తింపు కార్డులు, జీతము జమయైన బ్యాంకు పాసుబుక్కు, సంతకము చేసిన కాగితపు నకలు ఆమెయొద్ద ఉన్నవి. వాటిని తీసికొని లేబరు ఆఫీసునకు మేమును ఆమెతో పోవుచున్నాము. ఈ కూటములో ఇటువంటి కార్డులు ఇంటనున్నవారు, కంట్రాక్టరు మారినదని పాతవి పారవేయక, వచ్చే ఆదివారము ఆరాధన తరువాత తెచ్చి మాకు చూపవలెనని కోరుచున్నాము.