కారు కుదుపులు – ఇంటి మరమ్మతు

నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా బద్వేలు వైపు సాగే జాతీయ రహదారిని విడిచి, ఏ పల్లెకో ఉదయగిరి దిక్కునకో తిరిగిన వారికి గుంతలు, కల్వర్టుల అంచులు, ఊరి మొదట స్పీడు బ్రేకర్లు ఎదురగుచునే ఉండును. ఒకప్పుడు ఇట్టి మెట్ట దారులలో ఎద్దుబండి మీద పోయిన పెద్దలకు కుదుపు అనగా ఏమో వారి నడుములకే తెలియును. ఇరుసు మీద నేరుగా కూర్చున్న ఆ బండికి స్ప్రింగు లేదు. అడుగున పరచిన వరిగడ్డియే స్ప్రింగు. తరువాత జట్కాకు ఇనుప కమాను పట్టీలు వచ్చినవి. మోటారు కారులో ఈ కుదుపు భారమును రెండు భాగములు పంచుకొన్నవి. వాని పనులు వేరువేరని గ్రహించినచో మరమ్మతు సగము తెలిసినట్లే.

చక్రము గుంతలో పడినప్పుడు దెబ్బను తీసికొనునది స్ప్రింగు. కాని తీసికొన్నదానిని తిరిగి ఇచ్చివేయుట దాని స్వభావము. ఎంత సాగదీసిన అంత బలముతో వెనుకకు లాగునని రాబర్టు హుక్ 1678లో వివరించినాడు. స్ప్రింగు ఒక్కటే ఉన్నచో కారు ఉయ్యాలవలె ఊగుచుండును; టైరు నేలను విడిచి ఎగురును; బ్రేకు వేసినను పట్టు చిక్కదు. ఆ ఊపును అణచునది షాక్ అబ్జార్బరు. గొట్టములోని నూనెను సన్నని రంధ్రముల గుండా నెట్టుచు, ఊపులోని శక్తిని వేడిగా మార్చి గాలిలోనికి విడిచిపెట్టును.

అంబాసిడరు కారు వెనుక ఇరుసుకు కమాను పట్టీలు, షాక్ అబ్జార్బర్లు వేరువేరుగా కనబడును. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 ముందు చక్రములకు మాత్రము ఈ రెండును కలిపి ఒకే స్తంభముగా అమర్చినారు. దీనినే స్ట్రట్టు అందురు. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు దీనికి నిలిచిపోయినది. నేడు మన వీథులలో తిరుగు చిన్న కార్లలో పెక్కింటి ముందు భాగమున ఉన్నది ఇదియే.

ఆత్మకూరులో మా బావగారు ఒకరున్నారు. పంపుసెట్టు మొదలు ఫ్యాను వరకు తామే విప్పి బిగించుకొను అలవాటు గలవారు. ఒక సంక్రాంతి సెలవులలో తమ పాత మారుతి 800 స్ట్రట్టులను పెరటిలో మార్చ సంకల్పించినారు. ఒకదానిని ఊడదీసి అరుగు మీద నిలిపి, నడినెత్తినున్న నట్టుకు పానా తగిలించినారు. గోడ అవతలి నుండి చూచిన వృద్ధ మెకానిక్కు ఒకాయన కేక వేసినాడు: “అబ్బయ్యా, ముందా పానా కింద పెట్టు! ఆ నట్టు ఊడిందంటే స్ప్రింగు నీ మొగానికే వస్తుంది!”

ఆ కేకలోని సత్యమును లెక్కతో చూతము. సెంటీమీటరు నొక్కుటకు 20 కిలోల బరువు కావలసిన స్ప్రింగును 15 సెంటీమీటర్లు నొక్కి ఉంచినారనుకొందము. అప్పుడది 300 కిలోల బరువుతో పైకి త్రోయుచుండును. దానిలో దాగిన శక్తి, ఇరువది రెండున్నర కిలోల బండరాయి ఒక మీటరు ఎత్తు నుండి పడినప్పటి శక్తికి సమానము. కారు క్రింద నుండి బయటికి తీసినను స్ప్రింగు బిగువు పూర్తిగా సడలదు. ఆ నడిమి నట్టు ఒక్కటే దానిని పట్టి ఉంచును.

కావున ఇంట చేయదగిన పనికి ఒక హద్దు గీసికొనవలెను. కారును సమతలమున నిలిపి, నేల మీదనే ఉండు చక్రములకు ముందు వెనుకల అడ్డు పెట్టవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. కారు బరువును ఇనుప స్టాండ్ల మీద నిలుపవలెను. ఇటుకలు, రాళ్లు ఎన్నడును పనికిరావు. తుప్పు పట్టిన బోల్టులకు ముందునాటి రాత్రియే నూనె పట్టించవలెను. స్ట్రట్టుకు తగిలించిన బ్రేకు గొట్టమును విడదీయవలెను. చక్రపు భాగముల బరువు దాని మీద వ్రేలాడనీయరాదు. దిగువ బోల్టులు ఉన్న స్థానమును సుద్దతో గుర్తించుకొనవలెను. పైన చుట్టునున్న నట్టులను మాత్రమే విప్పి స్ట్రట్టును దించవలెను. నడిమి నట్టు జోలికి పోరాదు.

ఇక స్ప్రింగును నొక్కి విడదీయు పని కంప్రెసరు గల మెకానిక్కు షెడ్డుకు వదలుట మేలు. క్రొత్తవి అమర్చిన స్ట్రట్టులను ఇంటికి తెచ్చి మరల బిగించుకొనవచ్చును. ఎడమకొకటి మార్చి కుడిదానిని పాతదే ఉంచినచో రెండు చక్రములు రెండు విధముల నడచును. జతగా మార్చుటయే న్యాయము. వెనుక షాక్ అబ్జార్బర్ల రబ్బరు బుష్షుల బోల్టులను కారు బరువు చక్రముల మీదికి దిగిన తరువాతనే తుదిగా బిగించవలెను. లేనిచో రబ్బరు మెలిపడి త్వరలో చీలిపోవును. బిగువు ఎంత ఉండవలెనో ఆ కారు పుస్తకము చెప్పును. పిదప చక్రముల అలైన్‌మెంటు సరిచూపించుట తప్పనిసరి.

మా బావగారు అట్లే చేసినారు. స్ట్రట్టులు రెంటిని సంచిలో వేసికొని షెడ్డుకు పోయి, స్ప్రింగుల పని అక్కడ చేయించి, మరునాడు పెరటిలో తామే బిగించుకొన్నారు. కేక వేసిన వృద్ధుని ముందు సీటులో కూర్చుండబెట్టుకొని సోమశిల దాక పోయి వచ్చినారు. దారిలోని గుంతలు ఎక్కడివి అక్కడనే ఉన్నవి. కారు మాత్రము ఒక్కొక్క గుంతకు ఒక్కమారు వంగి, మరుక్షణమే నిలదొక్కుకొన్నది.

స్వహస్తముతో చేసికొన్న పనిలోని తృప్తి కాదనరానిది. అయితే ఆ చేయి పదిలముగా ఉండవలెను గదా! ఏ నట్టు విప్పవలెనో తెలియుట ఎంత నేర్పో, ఏది విప్పరాదో తెలియుటయు అంతే నేర్పు.