సైరన్ ఆగినా ఆగని భయం

(బాలవిహార్ తల్లిదండ్రుల సమావేశంలో ఒక వాలంటీరు చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టర్ని కాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఇక్కడ చిన్నపిల్లల క్లాసులో సాయం చేస్తుంటాను. మొన్నటి గాలివానల తర్వాత చాలామంది తల్లులు నన్ను ఒకే మాట అడిగారు: "మాకేమీ కాలేదు కదండీ, వీడు ఇంకా ఎందుకు భయపడుతున్నాడు?" మా ఇంట్లోనూ అదే ప్రశ్న. మా పీడియాట్రిషన్ చెప్పినవి, చదివి తెలుసుకున్నవి, ఇంట్లో పనికొచ్చినవి మీతో చెబుదామని వచ్చాను.

ఉత్తర టెక్సస్‌లో ఉన్న మనకు టోర్నడో కొత్త కాదు. 2015 డిసెంబర్ 26న గార్లండ్, రౌలెట్ ఊళ్ళను, 2019 అక్టోబర్ 20న ఉత్తర డాలస్‌ను టోర్నడోలు దెబ్బతీశాయి. రెండూ చీకటి పడ్డాక వచ్చినవే. నాలుగేళ్ళ పిల్లకు అదంతా తెలియదు. నిద్రలోంచి తనను ఎత్తుకుని మెట్ల కింది క్లాజెట్లోకి పరుగెత్తిన అమ్మ మొహమే గుర్తుంటుంది. ఈసారి మా ఇంట్లో వడగళ్ళకు ఒక్క కిటికీ అద్దం పగిలింది, అంతే. కానీ మూడు వారాలపాటు మా అమ్మాయి బాత్‌రూంకి కూడా ఒంటరిగా వెళ్ళలేదు.

ఈ వయసు పిల్లలు "భయంగా ఉంది" అని నోటితో చెప్పరు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. కొంగు వదలరు. స్కూలుకి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటారు. బొమ్మలతో అదే గాలివాన ఆట మళ్ళీ మళ్ళీ ఆడతారు. మనకది మొండితనంలా కనిపిస్తుంది. "ఇంత పెద్దదానివి, సిగ్గులేదూ" అంటే భయం పోదు, మనకు చెప్పుకోవడం మానేస్తారు.

"ఉత్తర కుమారుడి ప్రగల్భాలు" అని మనం నవ్వుకుంటాం. కౌరవ సైన్యాన్ని చూడగానే ఆ పిల్లవాడు రథం దిగి పారిపోయాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకొచ్చాడు. యుద్ధం నేను చేస్తాను, నువ్వు పగ్గాలు పట్టుకో అన్నాడు. తన పది పేర్లూ, అవి ఎందుకు వచ్చాయో ఒక్కొక్కటిగా వివరించాడు. ఉరిమినప్పుడు మన అమ్మమ్మలు ఒళ్ళోకి తీసుకుని చెప్పించే అర్జునుడి పేర్లు అవే. పెద్దవాళ్ళు పక్కన ఉన్నారు, సంగతేమిటో తెలిసింది, నాకూ ఒక పని ఉంది. ఉత్తరుడికి దొరికినవి ఈ మూడే. పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

మొదటిది, పక్కన ఉండటం. తిండి, నిద్ర, కథ రోజూ ఒకే వేళకు జరగనివ్వండి. కొన్నాళ్ళు మన దగ్గర పడుకోబెట్టుకున్నా తప్పులేదు. తర్వాత వాళ్ళ మంచం పక్కన కుర్చీ, ఆపైన గుమ్మం దగ్గర, ఇలా మెల్లగా దూరం జరగాలి. పిల్లల ముందు టీవీ వార్తలు, వాట్సాప్ వీడియోలు కట్టేయండి. ఒకే దృశ్యం పదిసార్లు చూపిస్తే చిన్నపిల్లలు అది పదిసార్లు జరిగిందనుకోవచ్చు.

రెండవది, నిజం చెప్పడం. "ఇంకెప్పుడూ రాదు" అని మాట ఇవ్వకండి. మళ్ళీ సైరన్ మోగిన రోజు మన మాట మీద నమ్మకం పోతుంది. "గాలి గట్టిగా వచ్చింది. మెట్ల కిందికి వెళ్ళాం. మళ్ళీ వస్తే అక్కడికే వెళ్దాం" అంటే చాలు. తాము అల్లరి చేసినందుకే ఇలా అయిందని కొందరు పిల్లలు లోలోపల అనుకుంటారు. "నీ వల్ల కాదు నాన్నా" అని మనమే ముందుగా చెప్పాలి. "దేవుడికి కోపం వచ్చింది" అని మాటవరసకైనా అనొద్దని ఇక్కడున్న అమ్మమ్మలు, తాతయ్యలకు నా మనవి.

మూడవది, పని అప్పగించడం. మా ఇంట్లో ఫ్లాష్‌లైట్ వెలుగుతోందో లేదో చూసే డ్యూటీ మా అమ్మాయిది. మన వైపు చాలా ఊళ్ళలో నెలనెలా మొదటి బుధవారం పగటిపూట సైరన్ పరీక్షిస్తారు. ఎప్పుడు మోగుతుందో ముందే తెలుసు కనుక ప్రాక్టీసుకు అదే మంచిది. మొదట ఫోన్‌లో చిన్న శబ్దంతో వినిపించాం, ఆపే బటన్ తన చేతికే ఇచ్చాం. తర్వాత ఒక బుధవారం ఒళ్ళో కూర్చుని విన్నది, మరో నెల కిటికీ దగ్గర నిలబడి విన్నది. ఏడిస్తే అక్కడితో ఆపేయాలి, బలవంతం వద్దు. గుండె దడగా ఉంటే వేడి ఉప్మా ఊదినట్టు మెల్లగా ఊదమంటాం.

చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో కుదుటపడతారు. నెల దాటినా పీడకలలు తగ్గకపోయినా, తిండికీ ఆటకీ స్కూలుకీ అడ్డం వస్తున్నా పీడియాట్రిషన్‌ని అడగండి. "చిన్నపిల్లలకు ఇవన్నీ ఏమిటి" అనుకోకండి. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన డీఎస్ఎం-5లో ఆరేళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలకు పీటీఎస్‌డీ లక్షణాలు విడిగానే ఇచ్చారు. తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టుకుని చేసే ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే చికిత్స మూడేళ్ళ పిల్లల నుంచీ ఉంది. నలుగురూ ఏమనుకుంటారో అని ఆగకండి. దిష్టి తీయండి, ఆంజనేయస్వామికి దండం పెట్టించండి, అపాయింట్‌మెంటూ తీసుకోండి.

వచ్చే నెల నుంచి, సైరన్ మోగితే ఈ హాల్లోంచి ఏ గదిలోకి వెళ్ళాలో బాలవిహార్ పిల్లలకే చూపిస్తాం. ఆ తలుపు మీద అంటించే బొమ్మ వాళ్ళే గీస్తారు. ఇద్దరు ముగ్గురు వాలంటీర్లు కావాలి. ప్రసాదం తీసుకున్నాక చెప్పుల స్టాండ్ దగ్గర ఉంటాను, వచ్చి పేరు ఇవ్వండి.